విలన్ మారితే సరిపోద్దా? కోటిపల్లి రేవులో మొదలైన వాదన

మా బావకీ నాకూ మధ్య ఒక వాదన ఉందండి. చిన్నప్పుడెప్పుడో మొదలైంది, ఇప్పటికీ తెగలేదు. కామిక్స్‌లో విలన్‌ని తీసుకొచ్చి హీరో చెయ్యొచ్చా, చేస్తే ఎలా చెయ్యాలి అని. వినేవాళ్ళకి ఇదేం గొడవరా అనిపిస్తది గానీ మా ఇద్దరికీ ఇది ప్రాణం, పెళ్ళిళ్ళలో కలిసినా సంక్రాంతికి కలిసినా చివరికి అక్కడికే వచ్చి ఆగుతాం. మొత్తం ఒకసారి రాసి పెట్టుకోవాలని ఎప్పట్నుంచో ఉంది.

మాది ద్రాక్షారామం దగ్గర ఊరు. 80ల చివర్లో మా వైపు పిల్లలకి పుస్తకాలు దొరకాలంటే ఒకటి శాఖా గ్రంథాలయం, లేదంటే రామచంద్రపురంలో అద్దె పుస్తకాల షాపు. ఆ షాపు గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇప్పటి పిల్లలకి చెప్తే నమ్మరు. చిన్న గది, మూడు వైపులా చెక్క అరలు, ప్రతి పుస్తకానికీ ఖాకీ అట్ట, దబ్బనంతో పక్కన మూడు బెజ్జాలు పొడిచి పురికొసతో బిగించి కుట్టేవాడు షాపాయన. ఆ కుట్టు వల్ల పుస్తకం పూర్తిగా తెరుచుకునేది కాదు, లోపలి అంచులో ఉన్న అక్షరాలు వేళ్ళతో నొక్కిపెట్టి చదవాలి. వీక్లీల్లో వచ్చే సీరియల్స్ చింపి, వారాల వరసలో పేర్చి బైండు చేసేవాడు, ఆడాళ్ళందరూ వాటికోసమే వచ్చేవోళ్ళు. చందమామలు, బాలమిత్రలు, డిటెక్టివ్‌లు ఇంకో వైపు. మెడలో పెన్ను వేలాడేసుకుని పొడుగు నోట్‌బుక్‌లో మన పేరు, తేదీ రాసుకునేవాడు. ఒక రోజు లేటైనా చూసీ చూడనట్టు వదిలేసేవాడు గానీ పేజీ చిరిగిందంటే మాత్రం ఊరుకునేవాడు కాదు.

అక్కడ ఇంగ్లీష్ కామిక్స్ ఉండేవి కావు. అవి మా బావ తెచ్చేవాడు. బావ వాళ్ళది గోదారి అవతల, అమలాపురం. హైదరాబాద్‌లో చదువుకునేవాడు, ఆదివారం ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ ఏరుకుని సెలవలకి వచ్చేటప్పుడు సంచీ నిండా పట్టుకొచ్చేవాడు. సగం వాటికి అట్టలుండేవి కావు, కొన్నింటికి మొదలు లేదు, కొన్నింటికి ముగింపు లేదు. మాకు అదేం పట్టేది కాదు. ఇంగ్లీష్ నాకు అంతంతమాత్రం, బొమ్మలు నేను చూస్తుంటే బావ పక్కన కూచుని తెలుగులో చెప్పుకుంటూ పోయేవాడు, మధ్యమధ్యలో విలన్‌కి ఎన్టీఆర్ గొంతు, హీరోకి ఏఎన్నార్ గొంతు పెట్టి.

ఒక ఎండాకాలం బావ మా ఇంటికొచ్చి, నన్నూ మామ్మనీ అమలాపురం తీసుకెళ్తున్నాడు. కోటిపల్లి రేవులో పంటు ఎక్కేం. తెలియనోళ్ళ కోసం చెప్తున్నా, పంటు అంటే రెండు పడవలు పక్కపక్కన బిగించి పైన బల్లలు పరుస్తారు, మనుషులు, సైకిళ్ళు, స్కూటర్లు, పాల క్యాన్లు, అరటి గెలలు, మేకలు అన్నీ దానిమీదే. అవతల ముక్తేశ్వరం రేవు. ఎండాకాలం నీళ్ళు తగ్గి ఇసక తిన్నెలు బయటపడతాయి కాబట్టి పంటు చుట్టూ తిరిగి నెమ్మదిగా వెళ్ళేది, మాకు కథ చెప్పుకోడానికి బోల్డంత టైము. మామ్మ చెయ్యి పట్టుకోకుండా కూచోనిచ్చేది కాదు, అంచుకెళ్తే తిట్టేది. మామ్మ చిన్నప్పుడు వాళ్ళూరి పడవ ఒకటి వరద గోదాట్లో తిరగబడిందంట, దాని గురించి ఎక్కువ మాట్లాడేది కాదు గానీ పడవెక్కిన ప్రతిసారీ చెంపలేసుకుని గోదారమ్మకి దణ్ణం పెట్టుకునేది.

ఆ రోజు బావ చెప్పిన కథ ఎక్స్-మెన్ 150వ సంచిక. ఎక్స్-మెన్ అంటే మ్యూటెంట్లు, పుట్టుకతోనే వింత శక్తులున్న మనుషులు, వాళ్ళలో హీరోల గుంపు. 1981లో వచ్చింది, క్రిస్ క్లేర్‌మాంట్ రాసింది. అందులో విలన్ మాగ్నెటో. 1963లో ఎక్స్-మెన్ మొదటి సంచికలోనే పుట్టిన విలన్, స్టాన్ లీ, జాక్ కర్బీ సృష్టించారు, ఇనుమూ లోహమూ ఏదైనా ఆయన చెప్పినట్టు వింటాయి. మొదట్లో ఆయనకి గతం లేదు, కారణం లేదు, మ్యూటెంట్లే ప్రపంచాన్ని ఏలాలంటాడు, అంతే. తన గుంపు పేరులోనే దుష్టులమని చెప్పుకున్నాడంటే చూడండి ఎంత ముక్కుసూటి విలనో. 150వ సంచికలో మాత్రం వేరేగా ఉంటాడు. దేశాలన్నీ అణ్వాయుధాలు వదిలేసి నా మాట వినాలి, లేకపోతే నాశనం చేస్తా అంటాడు. రష్యా వాళ్ళు ఒక సబ్‌మెరైన్ నుంచి ఆయన మీదకి మిస్సైళ్ళు వదులుతారు. ఆ సబ్‌మెరైన్ పేరు లెనిన్‌గ్రాడ్. ఆయన దాన్ని లోపలున్న మనుషులతో సహా సముద్రంలో ముంచేస్తాడు. తర్వాత ఎక్స్-మెన్ వస్తారు, కొట్టుకుంటారు, కిట్టీ ప్రైడ్ అని పదమూడేళ్ళ పిల్ల ఆయన మిషనుని పాడు చేస్తది, ఆ కోపంలో ఆ పిల్ల మీద కరెంటు వదుల్తాడు, పిల్ల పడిపోద్ది.

అక్కడితో మా కాపీ అయిపోయింది. తర్వాత పేజీల్లేవు.

పంటు మీదే మొదలైంది గొడవ. బావేమో "ఇప్పుడు ఆగిపోతాడు చూడు, పిల్లని చూసి మనసు మారుద్ది, మంచోడైపోతాడు" అన్నాడు. నాకూ ఆగిపోవాలనే ఉంది, ఆ పిల్ల చచ్చిపోవడం నాకిష్టం లేదు. మామ్మ అప్పటిదాకా తిన్నగా వింటున్నట్టే లేదు, సంచీలో కరివేపాకు సర్దుకుంటుంది. సడన్‌గా అంది, "మారితే మారేడు గానీ, మరి ఆ మునిగిపోయిన పడవలో వోళ్ళ సంగతేంట్రా?"

బావ దగ్గర సమాధానం లేదు. కానీ ఊరుకునే రకం కాదు కదా, వెంటనే కోటిపల్లి గుడినే చూపించాడు. అక్కడి స్థలపురాణం మా వైపు అందరికీ తెలిసిందే, అహల్య విషయంలో చేసిన పాపం పోవడానికి ఇంద్రుడు అక్కడ కోటీశ్వరుణ్ణి ప్రతిష్ఠించాడనీ, తార విషయంలో చేసినదానికి చంద్రుడు సోమేశ్వరుణ్ణి ప్రతిష్ఠించాడనీ. "మామ్మా, ఇంద్రుడంతటోడే ఇక్కడ మునిగి పాపం కడుక్కున్నాడు, మళ్ళీ దేవేంద్రుడిగా కూచున్నాడు, మాగ్నెటో ఎందుకు మారకూడదు? చేసిన పాపం చెప్తే పోద్దంటావు కదా నువ్వే?" అన్నాడు. మామ్మ అంది, "పోద్దిరా, ఎవరికి చెప్తే పోద్ది? గోదారికి చెప్పుకున్నాడు ఇంద్రుడు. అహల్యమ్మకి చెప్పుకున్నాడా? ఆవిడ రాయై పడుంది, రాముడొచ్చేదాకా."

నేను ఆ తర్వాత కామిక్స్ మీద ఎన్ని వ్యాసాలు చదివానో, ఎంతమంది పెద్ద పెద్ద వాళ్ళ అభిప్రాయాలు చూశానో, కానీ మామ్మ అడిగినంత సూటిగా ఎవరూ అడగలేదు. విలన్ మనసు గురించే అందరూ మాట్లాడతారు. వాడు ఏడ్చాడా, పశ్చాత్తాపపడ్డాడా, చిన్నప్పుడు ఎన్ని కష్టాలు పడ్డాడు. వాడి చేతిలో పోయినోళ్ళూ, మిగిలినోళ్ళూ కథలోంచి ఎప్పుడు జారిపోతారో కూడా మనం గమనించం.

పూర్తి కాపీ బావకి చాలా కాలం తర్వాత దొరికింది. బావ చెప్పిందే నిజం, మాగ్నెటో ఆగిపోతాడు. చచ్చిపోయిందనుకుని ఆ పిల్లని చేతుల్లోకి తీసుకుంటాడు, ఈమె పిల్ల కదా అంటాడు, అప్పుడు ఆష్విట్జ్‌లో, అంటే నాజీలు యూదుల్ని చంపిన క్యాంపులో, తన చిన్నతనం గురించి చెప్తాడు, తన ఆశయం పిచ్చిలో అమాయకుల్ని మర్చిపోయానని ఒప్పుకుంటాడు, వెళ్ళిపోతాడు. చాలా గొప్పగా రాశాడండి క్లేర్‌మాంట్. ఇప్పటికీ చదివితే గొంతు పట్టేస్తది. ఆష్విట్జ్‌ని సాకుగా వాడుకోకపోవడం నాకు బాగా నచ్చింది, నేను బాధపడ్డాను కాబట్టి నాకు హక్కుంది అని అప్పటిదాకా అనుకున్నోడు, ఆ బాధ పడినోడిగా తనకి ఇంకా ఎక్కువ తెలిసుండాల్సింది కదా అని అక్కడ ఆగుతాడు. ఇలాంటి మార్పుకి నేను చెయ్యెత్తి మొక్కుతా. విలన్ మారకూడదు అని నేనెప్పుడూ అన్లేదు, బావ అలా అన్నానని ప్రచారం చేస్తాడు గానీ.

నా బాధ తర్వాత జరిగినదాని మీద. 1985లో 200వ సంచికలో మాగ్నెటోని ప్యారిస్‌లో కోర్టులో నిలబెడతారు. అబ్బ, ఇప్పుడు తేల్తది అనుకున్నాను. కోర్టులో ఏం చేశారంటే, మధ్యలో ఒక కథలో ఈయన పసిపిల్లాడైపోయి మళ్ళీ పెద్దోడయ్యాడు కదా, కాబట్టి దానికి ముందు చేసినవన్నీ వేరే జన్మ కింద లెక్క, వాటిని పట్టించుకోం అన్నారు. సరే, లెనిన్‌గ్రాడ్ మాత్రం దాని తర్వాతదే కాబట్టి అది మిగిలింది. అది తేల్చేలోపు విలన్లొచ్చి దాడి చేశారు, ఎక్స్-మెన్‌ని నడిపే ప్రొఫెసర్ జేవియర్‌కి ప్రాణం మీదకొచ్చింది, నా స్కూలు నువ్వు చూసుకో అని మాగ్నెటోని అడిగాడు, ఈయన ఒప్పుకున్నాడు. తీర్పే రాలేదు! ఆ సబ్‌మెరైన్‌లో వాళ్ళ తరఫు వాళ్ళెవరో, వాళ్ళేం అనుకున్నారో మనకి తెలియదు, విలన్ గారు మాత్రం పిల్లలకి హెడ్‌మాస్టర్ అయిపోయాడు.

దానికి బావ జవాబు ఏంటంటే, పిల్లల బాధ్యత తీసుకోవడమే అసలు శిక్ష, జైల్లో కూచుంటే ఎవరికి లాభం అని. ఈ మాటలో బలం ఉంది, ఒప్పుకుంటాను. కానీ 1991లో కొత్తగా ఎక్స్-మెన్ మళ్ళీ ఒకటో నంబర్ నుంచి మొదలెట్టారు, జిమ్ లీ బొమ్మలు, 80 లక్షల కాపీల పైన అమ్ముడైంది. అందులో మాగ్నెటో మళ్ళీ పాత దారికొచ్చేశాడు. ఏం చేశాడో తెలుసా? అదే లెనిన్‌గ్రాడ్‌ని సముద్రం అడుగునుంచి పైకి లేపి అందులోని మిస్సైళ్ళు తీసుకున్నాడు. అది చదివినప్పుడు నా ఒళ్ళు మండిపోయింది. అందులో చచ్చిపోయిన మనుషులున్నారు కదండీ. మా గోదారి జిల్లాలో పడవ మునిగితే రోజుల తరబడి వెతుకుతారు, ఒడ్డున కుటుంబాలు కూచునే ఉంటాయి. ఇక్కడ పడవ పైకొచ్చింది గానీ దానికోసం ఎదురుచూసినోళ్ళు ఒక్కళ్ళు కూడా బొమ్మలో లేరు.

ఇక మన తెలుగోళ్ళకి విలన్లంటే ఇష్టం అనేది వేరే సంగతి, దాన్ని దీంతో కలపకూడదు. 1977లో దానవీరశూరకర్ణ వచ్చాక మా ఊళ్ళో పెళ్ళి పందిట్లో మైకు సెట్టంటే దుర్యోధనుడి డైలాగులే. మామ్మకి రావణుడంటే ఎంత గౌరవమో, శివభక్తుడని, పండితుడని. మా చుట్టూ ఉన్న పంచారామాలు తారకాసురుడి మెడలోని లింగం ఐదు ముక్కలై పడిన చోట్లే, ద్రాక్షారామం, సామర్లకోట, భీమవరం, పాలకొల్లు, ఒక్క అమరావతి తప్ప అన్నీ మా గోదారి జిల్లాల్లోనే. రాక్షసుడి మెడలోదానికి రోజూ అభిషేకం చేస్తాం. అయినా తారకాసురుడు మంచోడని ఎవరూ అనరు. దుర్యోధనుడి గొంతుకి ఈలేసినోడే ద్రౌపది సీన్‌లో పళ్ళు కొరుకుతాడు. ఇష్టపడ్డానికి మంచోణ్ణి చెయ్యక్కర్లేదు.

బావ దగ్గర ఇంకో అస్త్రం ఉంది, జయవిజయులు. వైకుంఠంలో ద్వారపాలకులు, శాపం తగిలి మూడు జన్మలు హరికి శత్రువులుగా పుట్టారు, హిరణ్యాక్ష హిరణ్యకశిపులు, రావణ కుంభకర్ణులు, శిశుపాల దంతవక్త్రులు. "మన పెద్ద విలన్లంతా శాపం తగిలిన మంచోళ్ళేరా, చివరికి సొంతింటికే పోయారు" అంటాడు. భక్తి కథగా నాకు అది మహా ఇష్టం. కానీ కామిక్స్ వాళ్ళు అదే పద్ధతి పట్టుకుంటే కథ చచ్చిపోద్ది. గ్రీన్ లాంటర్న్ హాల్ జోర్డన్ సంగతి చూడండి, ఉంగరాలతో శక్తి వచ్చే అంతరిక్ష పోలీసుల్లాంటి లాంటర్న్‌ల గుంపులో హీరో. 1994లో వాళ్ళూరు నాశనమైన దుఃఖంలో పిచ్చెక్కి, సాటి లాంటర్న్‌లని కొట్టి ఉంగరాలు లాక్కుని, చంపి, పారలాక్స్ అనే విలన్ అయ్యాడు. హీరో విలన్ అవడం, అదీ దుఃఖం వల్ల, ఎంత బరువైన కథ! పదేళ్ళు తిరిగాక 2004లో జెఫ్ జాన్స్ రాసిన కథలో, అదంతా హాల్ చేసింది కాదు, భయం అనే ఒక పసుపుపచ్చ ప్రాణి లోపల దూరి చేయించింది అన్నారు. హాల్ మళ్ళీ హీరో. బావకి అది బాగా నచ్చింది, నాకైతే దొంగ లెక్క రాసినట్టు అనిపించింది. దెయ్యం పట్టి చేశాడంటే ఇంక మారడానికి ఏముంది? చేసిందే వాడు కానప్పుడు?

బ్యాట్‌మన్ విలన్ జోకర్ గురించి మాత్రం ఇద్దరం ఒకటే, వాణ్ణి ఎప్పటికీ మార్చకూడదు. 1940లో బ్యాట్‌మన్ ఒకటో సంచికలోనే చంపేద్దామనుకుని ఆఖర్లో బతికించారు, అప్పట్నుంచి ఎంతమందిని చంపాడో. 1988లో బ్యాట్‌మన్ పక్కనుండే కుర్రాడు రాబిన్‌ని, అంటే జేసన్ టాడ్‌ని, జోకర్ చేతిలో చంపాలా వద్దా అని పాఠకుల్ని ఫోన్లు చెయ్యమన్నారు, చావాలని 5,343, బతకాలని 5,271. అంటే 72 ఓట్ల తేడాతో ఒక పిల్లాడు పోయాడు. అదే ఏడాది జోకర్ తుపాకీతో ఒకప్పటి బ్యాట్‌గర్ల్ బార్బరా గోర్డన్‌ని కాల్చి చక్రాల కుర్చీకి పరిమితం చేశాడు. ఆ కథ జోకర్ గురించీ బ్యాట్‌మన్ గురించీ, ఆమె అందులో ఒక దెబ్బ తినే మనిషి, అంతే. అది నచ్చక జాన్ ఆస్ట్రాండర్, కిమ్ యేల్ అనే భార్యాభర్తలు ఆమెని తమ సూసైడ్ స్క్వాడ్ కథల్లోకి తెచ్చుకుని ఒరాకిల్‌గా నిలబెట్టారు. కంప్యూటర్ ముందు కూచుని హీరోలందరికీ దారి చూపించే మనిషి. మామ్మ అడిగిన ప్రశ్న ఎక్కడో అమెరికాలో ఇంకో ఇద్దరు కూడా అడిగారు, అడిగి ఊరుకోకుండా రాశారు. ఆస్ట్రాండర్ అంటే నాకు అందుకే అంత గౌరవం.

1954 నుంచి అమెరికా కామిక్స్‌కి ఒక కోడ్ ఉండేది, నేరస్థుడి మీద జాలి కలిగేలా చూపించకూడదు, చెడు ఓడిపోవాలి, శిక్ష పడాలి అని. 1971లో సడలించారు. ఆ కోడ్ వెనక్కి రావాలని నేనేమీ కోరుకోవట్లేదు, అది ఉంటే 150వ సంచికలో ఆ పేజీ ఎవరు రాయగలరు? అసలు ఆ కోడ్ రోజుల్లోనే హాక్‌ఐ 1964లో విలన్‌గా వచ్చి 1965కల్లా అవెంజర్స్ అనే హీరోల గుంపులో చేరిపోయాడు, పెద్ద తంతేం లేకుండా.

హాక్‌ఐ అంటే గుర్తొచ్చింది, మా ఇద్దరికీ కుదిరిన కథ ఒకటుంది, థండర్‌బోల్ట్స్. 1997లో కర్ట్ బ్యూసిక్ రాశాడు, మార్క్ బ్యాగ్లీ బొమ్మలు. కొత్త హీరోల టీం అని మొదలవుద్ది, జనం నెత్తిన పెట్టుకుంటారు, మొదటి సంచిక చివరి పేజీలో తెలుస్తది వీళ్ళంతా మారువేషంలో ఉన్న పాత విలన్లని. మంచోళ్ళలా నటిస్తూ నటిస్తూ కొందరికి నిజంగానే ఆ మంచితనం అలవాటైపోద్ది, అక్కడుంది కథ. తర్వాత వాళ్ళకి నాయకుడిగా హాక్‌ఐ వస్తాడు, ఆయనా ఒకప్పుడు విలనే కాబట్టి. వచ్చి, ఏబ్ జెంకిన్స్ అనే అతన్ని, బీటిల్ పేరుతో ఒకప్పుడు స్పైడర్‌మన్‌తో కొట్టుకున్న విలన్, "నువ్వొక హత్య చేశావు, అది అలాగే ఉంది, వెళ్ళి లొంగిపో" అంటాడు. అప్పటికి అతను నిజంగా మారాడు, ప్రాణాలకి తెగించి జనాన్ని కాపాడాడు, టీంలో ప్రేమించిన అమ్మాయి ఉంది. అయినా వెళ్తాడు. జైలుకి.

బావ ఈ కథ చదివి నాకు ఫోన్ చేసి "ఇదేనా నువ్వడిగేది?" అన్నాడు. ఇదే అన్నాను. "మరి జైలుకెళ్తే చచ్చినోడు తిరిగొస్తాడా?" అన్నాడు. రాడు. కానీ వాడు చచ్చిపోయాడన్న సంగతి కథ మర్చిపోలేదు కదా బావా అన్నాను. బావ కొంచెం సేపాగి, "అయితే మాగ్నెటో హెడ్‌మాస్టర్ అయ్యాక కూడా ఏడాదికోసారి ఆ సబ్‌మెరైన్‌లో పోయినోళ్ళ ఇళ్ళకి వెళ్ళుంటే నీకు సరిపోయేదా?" అని అడిగాడు. చాలా మంచి ప్రశ్న. నేను చెప్పింది ఏంటంటే, వెళ్ళడం ఒక్కటే కాదు, తలుపు తీసిన మనిషికి ఏం చెప్పాలనిపిస్తే అది చెప్పనివ్వాలి, తిట్టనివ్వాలి, మొహం మీద తలుపెయ్యాలనుకుంటే వెయ్యనివ్వాలి, క్షమించేశాను అనిపించి పేజీ తిప్పెయ్యకూడదు. లెనిన్‌గ్రాడ్‌లో పనిచేసిన ఒక నావికుడి భార్య వైపునుంచి మొదలుపెట్టి, మాగ్నెటో రెండో సగంలో ఎక్కడో వచ్చే కథ. అలాంటిది రాసుంటే ఆయన్ని హీరో అనడానికి నాకేం అభ్యంతరం ఉండేది కాదు. బావ ఏమో ఆ కథ ఎవరూ కొనరంటాడు. ఈసారి సంక్రాంతికి దానిమీదే కూచోవాలి ఇద్దరం.